శనివారం తలస్నానం

లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లోని తెలుగువాళ్ళలో పార్థసారథికి రెండు విషయాల్లో పేరుంది. చవగ్గా సెలవులకు ఎక్కడికి, ఎప్పుడు, ఏ విమానంలో వెళ్ళాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రెండోది బఠాణీలవాడి కథ. దాన్ని ఆయన చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు, చెప్పే అవకాశం ఆయన ఎవరికీ ఇవ్వడు కనుక.

ఎవరింటికి భోజనానికి వెళ్ళినా సరే, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఆ కథ ఎత్తుకునేవాడు. పెళ్ళైన కొత్తలో భార్య వరలక్ష్మిని కాకినాడ బీచ్‌కి తీసుకెళ్ళాడట. ఓ అల వచ్చి ఆవిడ పాదాలు తడిపిందట. ఆవిడ కెవ్వున అరిచి పక్కనున్న మనిషిని వాటేసుకుందట. ఇక్కడ ఆయన కాసేపు ఆగి, మజ్జిగ ఓ గుక్క తాగి, "నన్ను కాదండి, బఠాణీలమ్ముకునేవాణ్ణి. పాపం వాడు చేతిలో పొట్లం చేతిలోనే పట్టుకుని అలా బిగుసుకుపోయాడు" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. వరలక్ష్మి కూడా చిన్నగా నవ్వి, లేచి కంచాలు తీసేది.

అల వచ్చినప్పుడు తానెక్కడున్నాడన్నది మాత్రం ఆయన ఏనాడూ చెప్పలేదు. పెళ్ళికి పెట్టిన కొత్త బూట్లు తడుస్తాయని వెనకాల పొడి ఇసుకలో నిలబడ్డాడు. ఆయన దగ్గర్లో ఉంటే ఆవిడ పట్టుకునేది మొగుణ్ణే. లేడు కాబట్టి బఠాణీలవాడు. ఆ సంగతి చెబితే కథ చెడిపోతుందని ఆయనకూ తెలుసు, ఆవిడకూ తెలుసు.

సముద్రం పక్క ఊళ్ళో పుట్టి పెరిగినా వరలక్ష్మికి ఈత రాదన్నది నిజం. కాకినాడలో ఆడపిల్లలు సముద్రానికి వెళ్ళేది పాదాలు తడుపుకోవడానికి, కాల్చిన మొక్కజొన్న పొత్తు తినడానికి. అంతకుమించి దిగితే ఇంట్లో వీపు చిట్లిపోయేది. ఆ కథ పదిహేనేళ్ళుగా వింటూనే ఉంది, మొదట్లో సిగ్గుపడేది, తర్వాత విసుక్కునేది, తర్వాత అసలు వినబడకుండా చేసుకుంది. అలాంటిది ఒక ఉగాది భోజనాల్లో, యూనివర్సిటీలో చదువుకుంటున్న ఓ అమ్మాయి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఆంటీ, మీకు ఇప్పటికీ నీళ్ళంటే అంత భయమా?" అని జాలిగా అడిగింది. ఆ జాలి వరలక్ష్మికి కాలింది. నవ్వితే నవ్వారు గానీ, ఈ జాలి ఎక్కడిది?

కూతురు రిషితకు ప్రతి శనివారం పొద్దున్న కౌన్సిల్ వాళ్ళ ఈతకొలనులో క్లాసు. తల్లులంతా పైన గ్యాలరీలో కూర్చుని ఫోన్లు చూసుకునేవాళ్ళు. అదే సమయంలో పక్కనున్న చిన్న కొలనులో ఆడవాళ్ళకు మాత్రమే ఇంకో క్లాసు. మరుసటి శనివారం వరలక్ష్మి గ్యాలరీ మెట్లెక్కకుండా ఆ తలుపు తోసింది. అక్కడ షెరిల్ అనే దిట్టమైన మనిషి ఈలతో నిలబడి ఉంది. మొదటి నెలంతా వరలక్ష్మి ఈదిన దానికన్నా తాగిందే ఎక్కువ. "నీళ్ళతో పోట్లాడకు, వాటిమీద పడుకో" అని షెరిల్ వారం వారం చెప్పేది. ఒక శనివారం నిజంగానే పడుకుంది. నీళ్ళు మోశాయి. తనను ఇంతవరకు ఎవరూ అంత సులువుగా మొయ్యలేదనిపించి, కొలనులోనే వెల్లకిలా పడుకుని ఏడ్చింది. నీళ్ళలో ఏడిస్తే ఎవరికీ తెలియదు కదా.

ఇక తడిజుట్టు సంగతి. దానికి వరలక్ష్మి ఏ అబద్ధమూ ఆడనక్కర్లేకపోయింది. శనివారం పూట తను నిద్రలేచేసరికి తలారబోసుకుంటూ కనిపించే భార్యను చూసి, పార్థసారథి తనంతట తానే అర్థం చేసుకున్నాడు. "మా ఆవిడకి ఏడుకొండలవాడంటే అంత గురండి. శనివారం తలస్నానం చెయ్యకుండా కాఫీ కూడా ముట్టదు" అని స్నేహితులకు గర్వంగా చెప్పుకునేవాడు. కొలనులో కలిపే మందు వాసనను కొత్త షాంపూ అనుకున్నాడు. వరలక్ష్మి మాత్రం దేవుడి పటం ముందు నిలబడ్డప్పుడల్లా లెంపలు వేసుకునేది.

చెప్పేస్తే పోయేదేమో. కానీ చెబితే ఆయన దాన్నీ కథ చేస్తాడు, అందులో తను ఎన్ని నీళ్ళు తాగిందో అదే ముఖ్యమవుతుంది. అందుకే ఆవిడ నోరు కుట్టేసుకుంది. నిజమైన సముద్రంలో, నిజమైన అలల్లో, ఆయన కళ్ళెదుట ఈదాలి. అప్పుడు ఆ బఠాణీలవాడు శాశ్వతంగా బండి తోసుకుని వెళ్ళిపోతాడు. అదీ ఆవిడ కోరిక.

అవకాశం ఆ అక్టోబరు హాఫ్ టర్మ్ బడి సెలవుల్లో వచ్చింది. రోజుల తరబడి కంప్యూటర్‌కి అతుక్కుపోయిన పార్థసారథి ఓ సాయంత్రం లేచి ఒళ్ళు విరుచుకుని, "స్పెయిన్. బెనిడార్మ్. వారం రోజులు. ఎంతకి దొరికిందో చెబితే నమ్మవు. సెల్ఫ్ కేటరింగ్, వంట మనదే" అన్నాడు.

"సముద్రం ఎంత దూరమండీ?"

"బాల్కనీలోంచి చెయ్యి చాపితే అందుద్ది. అయినా నీకెందుకే, నువ్వెలాగూ దిగవు కదా."

చవక ప్రయాణం కనుక సూట్‌కేసులకు వేరే డబ్బు కట్టకూడదు. ఉన్నదంతా చేతి సంచుల్లోనే. ఒక సంచిలో బియ్యం, పప్పులు, పోపుసామాను. ఇంకోదానిలో ప్రెషర్ కుక్కర్. వరలక్ష్మి తన ఈతబట్టలను చుట్టచుట్టి ఆ కుక్కర్లోనే పెట్టింది, మొగుడు చచ్చినా తెరవని వస్తువు అదొక్కటే కనుక. ఎయిర్‌పోర్టులో తెరిచారు. సెక్యూరిటీ అమ్మాయి మూత తీసి, లోపలినుంచి మోకాళ్ళ దాకా వచ్చే నల్లటి స్విమ్‌సూట్‌ను రెండు వేళ్ళతో పైకెత్తి, ఈ కుటుంబం దీన్ని ఉడకబెట్టుకుంటుందా అన్నట్టు చూసింది.

"ఇట్స్ మైన్" అంది రిషిత, తల్లి మొహం చూసి. రిషితకు పదమూడేళ్ళు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. ఆ క్షణంలో వరలక్ష్మి కూతురి ఇంగ్లీషును నిండు మనసుతో క్షమించేసింది.

బెనిడార్మ్‌లో దిగాక చూస్తే, ఎండ తప్ప మిగతాదంతా వాట్‌ఫర్డే. అవే పబ్బులు, అవే బేకన్ వాసనలు, ఎర్రగా కాలిపోయిన అవే మొహాలు. వీళ్ళకిచ్చిన ఫ్లాట్ ఏడో అంతస్తులో. వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా సముద్రం, నీలంగా, తీరిగ్గా. వరలక్ష్మి ముందు కుక్కర్ మూత తీసింది.

మర్నాడు పొద్దున్నే చుడీదార్ కింద స్విమ్‌సూట్ వేసుకుని, "అలా బీచ్‌కి వెళ్ళొద్దాం రండి" అని మొగుణ్ణి బయల్దేరదీసింది. లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లోపల ఓ ఆవిడ పెద్ద కొత్తిమీర కట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"తెలుగోళ్ళా?" అంది ఆవిడ. ఆ ఒక్క మాటతో వారం చేజారింది.

ఆవిడ పేరు బాలమణి. మొగుడు బాపురావు. సొంతూరు జగిత్యాల, ఉండేది లీసెస్టర్. పిల్లలిద్దరూ చదువులకు పోయారు కాబట్టి ఏటా ఇద్దరే వచ్చి ఇదే బిల్డింగ్ తొమ్మిదో అంతస్తులో దిగుతారు. "ఇది మూడో ఏడు అక్కా. ఇంత చవకల ఎండ ఇంకేడ దొరుకుతది. మధ్యాహ్నం మాకాడ తినాలె. ఏం చెప్పద్దు" అంది. చవక అన్న మాట వినగానే పార్థసారథికి బాపురావు సొంత అన్నదమ్ముడైపోయాడు. ఆ మధ్యాహ్నం పచ్చిపులుసు, అంకాపూర్ కోడికూర తిని, పెరుగన్నం దగ్గర బఠాణీలవాడి కథ చెప్పి, అందరూ నిద్రపోయారు.

సాయంత్రం బాలమణి ఒక స్టీలు డబ్బా నిండా సకినాలు పంపించింది. మూతమీద 'బాలమణి' అని పేరు చెక్కించి ఉంది. అసలు గొడవంతా ఈ డబ్బాతోనే మొదలైంది. పక్కింటివాళ్ళ గిన్నెను ఖాళీగా తిరిగిచ్చే ఆడది తెలుగునేలమీద ఎక్కడా ఉండదు. కనీసం గుప్పెడు పంచదారైనా వేసి ఇవ్వాలి. వరలక్ష్మి పులిహోర కలిపి, డబ్బా నింపి పైకి తీసుకెళ్ళింది. పులిహోర అందుకున్నాక బాలమణి ఊరుకుంటుందా? మర్నాటికల్లా అదే డబ్బాలో సర్వపిండి కిందికి దిగింది. దానికి బదులు బొబ్బట్లు పైకెళ్ళాయి. ఇవి చాలవన్నట్టు, వాళ్ళింట్లో ఒక పూట తిన్నందుకు వీళ్ళు ఒక పూట పెట్టాలి, అలా పెట్టినందుకు వాళ్ళు మళ్ళీ పెట్టాలి.

వరలక్ష్మి పొద్దున్నే చుడీదార్ కింద స్విమ్‌సూట్ వేసుకోవడం, సాయంత్రం దాన్ని పొడిగా విప్పి మడతపెట్టడం. చుడీదార్ దాటి దాని మోకాళ్ళ దగ్గర కూడా నూనె మరకలు పడ్డాయి. నడుమ ఒకసారి, "ఈ పూట బీచ్‌లో ఏదన్నా కొనుక్కుని తిందామండీ" అని చూసింది. "పాపం వాళ్ళు అంత ప్రేమగా పిలిస్తే, బాగోదే" అన్నాడు పార్థసారథి. ఆయనకు బాల్కనీ, బాపురావు, చవక టిక్కెట్ల ముచ్చట్లు చాలు. సముద్రాన్ని పైనుంచి చూసి, "ఎంత బావుందో" అనేవాడు, టీవీలో చూసినట్టు.

లిఫ్టులో వరలక్ష్మికి రోజూ ఒక ముసలాయన తగిలేవాడు. బర్మింగ్‌హామ్‌లో బస్సులు నడిపి రిటైరైన రాన్. చిన్న నిక్కరు, ఉడికిన రొయ్య రంగు ఒళ్ళు, భుజాన తువ్వాలు. పొద్దున, సాయంత్రం సముద్రంలో మోకాళ్ళ లోతులో నిలబడి వస్తాడు, అంతే, ఈదడు. వరలక్ష్మి చేతిలో ఘుమఘుమలాడే డబ్బా రోజూ పైకీ కిందికీ తిరగడం చూసి, "మీ టేక్‌అవే ఏ అంతస్తులో? మెనూ ఉందా?" అని అడిగాడు. ఆవిడ ఓ బొబ్బట్టు చేతిలో పెట్టింది. నములుతూ, "మీరు సముద్రానికి ఎప్పుడొస్తారు?" అన్నాడు. వరలక్ష్మి ఆయన చేతిలో ఇంకో బొబ్బట్టు పెట్టింది.

శుక్రవారం సాయంత్రం బాలమణి వంటింట్లో ఇద్దరూ గరిజెలు, వరలక్ష్మి మాటల్లో కజ్జికాయలు, వేయిస్తున్నారు. బాలమణి గరిటె పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. నూనెలో గరిజె ఎర్రబడిపోతోంది.

"మణీ, మాడుతుంది."

"ఆఁ" అని తీసి, "మూడేండ్ల సంది వస్తున్నమక్కా. గీ కిటికీలకెల్లి చూసుడే. ఒక్కసారన్న కాళ్ళు తడవలే" అంది.

"అదేంటి, మరి వెళ్ళొచ్చుగా?"

"యాడ తీరుతది. ఏటా ఎవలో ఒకలు మనోళ్ళు తగులుతరు. పెట్టకపోతే ఏమనుకుంటరో అని." అంటూ గరిజెలన్నీ ఆ డబ్బాలోకి సర్ది మూత బిగించింది. "రేపు ప్రయాణంల తినుండ్రి."

వరలక్ష్మి ఆ డబ్బా పట్టుకుని దిగుతూ లిఫ్టు అద్దంలో తన మొహం చూసుకుంది. ఈ మొహమాటం ఇద్దరిదీనని, ఒకరి కోసం ఒకరు వారమంతా పొయ్యి దగ్గర కాలిపోయారని అప్పుడు తట్టింది. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

శనివారం. మధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకు బస్సు. గరిజెలు కవర్లోకి మార్చి, డబ్బా కడిగి వంటింటి గట్టుమీద బోర్లించింది. పక్కనే గారెల కోసం రాత్రి నానబెట్టిన మినప్పప్పు. తొమ్మిదో అంతస్తు నుంచి బాపురావు కూడా దిగొచ్చి, బాల్కనీలో పార్థసారథితో ఆఖరి కాఫీ తాగుతున్నాడు.

"ఏమే, గారెలు తొందరగా కానియ్. వాళ్ళ డబ్బా ఇచ్చెయ్యాలి. ఖాళీగా ఇస్తే బాగోదు" అని కేకేశాడు పార్థసారథి.

వరలక్ష్మి పప్పు గిన్నె చేతిలోకి తీసుకుంది. కిటికీలోంచి చూసింది. సముద్రం మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. దానికి ఎవరిమీదా మొహమాటం లేదు. ఆవిడ గిన్నె కింద పెట్టి, స్టవ్ ఆపి, తువ్వాలు భుజాన వేసుకుని, ఖాళీ డబ్బా చంకన పెట్టుకుని తలుపు తీసింది.

"ఎక్కడికే?"

"శనివారం కదండీ. తలస్నానానికి."

"బాత్రూమ్ ఇటుంటే..." అని ఆయన అనేలోపు లిఫ్ట్ తలుపు మూసుకుంది.

ఇసుకమీద డబ్బా పెట్టి, దానిమీద చుడీదార్ మడిచి పెట్టి, పసుపుపచ్చ చున్నీ పైన కప్పింది. ఆ నల్ల స్విమ్‌సూట్‌లో నాలుగడుగులు నడిచేసరికి ప్రపంచమంతా తననే చూస్తోందనిపించింది. ఎవరూ చూడటం లేదు. ఓ అల వచ్చి పాదాలమీద పడింది. కాకినాడ అలే, చల్లగా, తోసేస్తూ. అరుపు గొంతుదాకా వచ్చింది. భయం ఇంకా అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. ఆవిడ దాన్ని అక్కడే ఉండనిచ్చి, నడుము లోతు దాకా వెళ్ళి, షెరిల్ చెప్పినట్టు నీళ్ళమీద పడుకుంది. ఉప్పునీళ్ళు కొలను నీళ్ళకన్నా బాగా మోశాయి. ఈ సంగతి ముందే ఎవరూ చెప్పలేదేమని కోపమొచ్చింది. తర్వాత చేతులు వాటంతట అవే కదిలాయి. దూరంగా నీళ్ళమీద ఈతకు హద్దుగా తేలుతున్న పచ్చ బంతుల వరుస దాకా ఈదింది. అక్కడ ఒక బంతిని పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది. బిల్డింగులన్నీ అగ్గిపెట్టెలంత ఉన్నాయి. ఇంత దూరంలో ఎవరి డబ్బా ఎవరు నింపాలన్నది గుర్తులేదు. ఆవిడ పెద్దగా నవ్వింది.

సరిగ్గా అప్పుడు బాల్కనీలో ఏం జరిగిందో తర్వాత రిషిత చెప్పింది. పార్థసారథి బాపురావుకు ఆ కథ ఇంకోసారి చెబుతున్నాడట. వారంలో బాపురావు ఎన్నోసార్లు విన్నాడు గనక చూపు సముద్రం వైపు పోయింది. "గామె ఎవరో మంచిగ ఈదుతున్నది" అన్నాడట.

"ఇక్కడోళ్ళకి పుట్టుకతోనే వచ్చేద్దండి. మా ఆవిడైతే అల తగలగానే కెవ్వున..."

"డాడ్, దట్స్ మమ్" అంది రిషిత, ఫోన్ మీంచి తలెత్తకుండా.

ఆయన కిందికి చూశాడు. పసుపుపచ్చ చున్నీ. చున్నీ కింద తళతళలాడే స్టీలు. కథ అక్కడే ఆగిపోయింది, బఠాణీలవాడు రాకుండానే.

వరలక్ష్మి ఒడ్డుకొచ్చేసరికి ఆయన పొడి ఇసుకలో, బూట్లతో నిలబడి ఆయాసపడుతున్నాడు. వెనకాల బాపురావు, రిషిత.

"ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"శనివారాలు."

ఆయన వేళ్ళమీద లెక్కలు కట్టుకున్నాడు. "మరి... ఏడుకొండలవాడు?"

"ఆయనేం అనుకోలేదండీ."

"నాకెందుకు చెప్పలేదు?" ఆ గొంతులో నిజంగానే నొప్పి ఉంది.

"చెబితే మీరు అందరికీ చెప్పేవారు."

ఆ మాట పార్థసారథికి గట్టిగానే తగిలింది. వరలక్ష్మికి ఆయన్ని చూస్తే జాలేసింది, ఆ జాలి ఎలా ఉంటుందో తెలుసు కనుక అక్కడ ఎక్కువసేపు నిలబడలేదు. ఖాళీ డబ్బా తీసుకుని సముద్రంలో ముంచి, రెండు గవ్వలు వేసి, మూత బిగించి, ఒళ్ళంతా తువ్వాలు చుట్టుకుని లిఫ్టెక్కింది.

బాలమణి తలుపు తీసి, నీళ్ళోడుతున్న మనిషిని ఎగాదిగా చూసింది. అలవాటు కొద్దీ డబ్బా అందుకుని మూత తీసింది. ఆగి, చూపుడువేలు ముంచి నాలుకమీద పెట్టుకుంది.

"ఉప్పు జరంత ఎక్కువైందక్కా" అంది.

"మా వంటే అంత" అంది వరలక్ష్మి.

బాలమణి కిటికీవైపు చూసింది. పొయ్యిమీద వీళ్ళ ప్రయాణం కోసమే చేస్తున్న కూర కుతకుతలాడుతోంది. వెళ్ళి స్టవ్ బంద్ చేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, డబ్బా పట్టుకుని బయటికొచ్చింది. "పా అక్కా. ఇది యాడిదో ఆడనే పోసొద్దాం."

మెత్తగా వచ్చిన మొదటి అలకు బాలమణి అరవలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, వరలక్ష్మి చెయ్యి పట్టుకుని, మోకాళ్ళ దాకా దిగి నిలబడిపోయింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. బాపురావు లాగు మడిచి దిగాడు. రిషిత దిగింది. ఒడ్డున ఒక్క పార్థసారథి మిగిలాడు.

అందరూ తననే చూస్తున్నారని తెలిసి ఆయన వంగి బూట్ల లేసులు విప్పాడు. సాక్సు తీసి, మడతపెట్టి, బూట్లలో పెట్టి, ప్యాంటు రెండు మడతలు పైకి లాగి, తడి ఇసుకలోకి నడిచాడు. పక్కనే రాన్ ఎప్పటిలాగే మోకాళ్ళ లోతులో నిలబడి ఆకాశం చూస్తున్నాడు. వరలక్ష్మి ఈసారి మొగుడికి అందేలా చెయ్యి చాపింది.

ఆ చెయ్యి అందేలోపే ఓ మోస్తరు అల వచ్చి ఆయన పిక్కలకు తగిలింది. పార్థసారథి కెవ్వున అరిచి, రాన్‌ను వాటేసుకున్నాడు. పాపం ఆ ముసలాయన అలాగే బిగుసుకుపోయి, "ఇదీ మీ మెనూలో ఉందా?" అని వరలక్ష్మిని అడిగాడు.

ఆ సంగతి వరలక్ష్మి ఇంతవరకు ఏ పార్టీలోనూ చెప్పలేదు. చెప్పేది బాలమణి. లీసెస్టర్ నుంచి వీళ్ళింటికి ఎప్పుడొచ్చినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఎత్తుకుంటుంది. అందరూ పగలబడి నవ్వుతారు. పార్థసారథి కూడా చిన్నగా నవ్వి, లేచి కంచాలు తీస్తాడు.